జెండా దించిన రోజు నుంచి గది తాళం చేతికొచ్చేదాకా

(కోనసీమలో ఒక వేసవి శిబిరం ఆఖరి వారంలో, అక్కడ పిల్లల్ని చూసుకుంటున్న కాలేజీ విద్యార్థులతో మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరూ కూర్చోండి. ఆ వెనక కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చున్న ముగ్గురూ మట్టుకు ఇటు రండి బాబూ. పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టొద్దని మొదటి రోజు మీకే చెప్పుకున్నాం కదా! (నవ్వులు) కాయల దింపు ఆలస్యమైన చెట్టుకి గాలి వీచక్కర్లేదు, కాయ తనంతట తనే రాలుతుంది. ఎండు మట్ట సంగతి సరేసరి.

శిబిరం ఎలా నడపాలో ఏప్రిల్‌లోనే మాట్లాడుకున్నాం. పట్నంలో ఎలా బతకాలో చెప్పడానికి ఇంట్లోవాళ్ళున్నారు, సీనియర్లున్నారు, ఫోనుంది. ఈ రెంటికీ మధ్యన పది పన్నెండు రోజులున్నాయి చూశారూ, వాటి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇక్కడి పట్టు అప్పటికే సడలిపోయి ఉంటుంది, అక్కడి పట్టు ఇంకా దొరకదు. పిల్లలు నీళ్ళలో పడేదీ, మీ ఒంటికి తామర అంటేదీ, టికెట్ దొరకనిదీ, చూడని గదికి డబ్బు కట్టేదీ చాలావరకు ఈ రోజుల్లోనే. అంచేత ఇవాళ వాటి గురించే.

ముందు నీళ్ళ సంగతి. మొదటి వారంలో పిల్లలకి భయం ఉంటుంది, మీకూ ఉంటుంది. ఆఖరి వారానికి ఇద్దరికీ పోతుంది. బొత్తిగా ఈత రానివాడు రేవు మెట్టు దిగడు. పదిహేను రోజులు నేర్చినవాడే అవతలి గట్టు వైపు చూస్తాడు. కాబట్టి ఈ వారం కాపలా పెంచాలే గాని తగ్గించకూడదు. నీళ్ళలో ఉన్న ప్రతి నలుగురు పిల్లలకీ మీలో ఒకరు నీళ్ళలోనే ఉండాలి. గట్టు మీద ఇంకొకరు, ఆ ఒక్కరి చేతిలో మట్టుకు ఫోను ఉండకూడదు. పిల్లలు జతలుగా దిగాలి. పది నిమిషాలకోసారి ఈల వెయ్యండి. ఈల వినగానే ఎవరి జత చెయ్యి వాళ్ళు పట్టుకుని పైకెత్తాలి. నీళ్ళలో తలలు లెక్కపెట్టడం కష్టం, ఒకటి రెండు తప్పిపోతాయి. ఎత్తిన చేతులు తప్పవు. ఒంటరి చెయ్యి లేచిందంటే అందరూ బయటికి.

గట్టు మీద తాడు కట్టిన డబ్బాలు రెండున్నాయి కదా, నిన్న చూస్తే ఒకదాని మూత వదులుగా ఉంది. 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా దాదాపు 5 కిలోల బరువు తేలుస్తుంది, నీళ్ళలో ఉన్న మనిషి తల పైకి ఉంచడానికి అది చాలు. మూత వదులైతే రెండు నిమిషాల్లో మునుగుతుంది. లోపల గ్లాసుడు నీళ్ళు పోసి మరీ మూత బిగించండి. పూర్తిగా ఖాళీ డబ్బా గాలికి పక్కకి కొట్టుకుపోతుంది, విసిరినచోట పడదు. తాడు కనీసం 10 మీటర్లుండాలి, రెండో కొస మీ కాలి కింద ఉండాలి. మునిగేవాడి దగ్గరికి మీరు ఈదుకుంటూ వెళ్ళడం అన్నిటికన్నా ఆఖరి ఉపాయం. ముందు కర్ర అందించాలి, లేదంటే డబ్బా విసరాలి. భయంతో ఉన్న పిల్లాడు మీ మెడ పట్టుకుంటే ఎంత ఈతగాడైనా అడుగుకే.

మునిగేవాడు కేకలేస్తాడనుకుంటారు. వెయ్యడు, కేకకి కావలసిన ఊపిరే ఉండదు. నీళ్ళలో నిటారుగా ఉండి, తల వెనక్కి వాల్చి, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ ఉంటాడు. దూరం నుంచి ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు. గోల చేసేవాడి కన్నా చడీ చప్పుడూ లేనివాడి మీద కన్నెయ్యండి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం మన ఊళ్ళలో ఇప్పటికీ చూస్తాం. మూడూ తప్పే. పొట్టలో నీళ్ళు గొంతులోకి వచ్చి ఊపిరి దారికి అడ్డం పడతాయి. పైగా ఊపిరి అందించాల్సిన నిమిషాలు ఆ తిప్పడంలోనే అయిపోతాయి. పిలిస్తే పలకడం లేదు, ఊపిరీ లేదు అనుకోండి. వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు ఊదాలి. రొమ్ము లేస్తోందో లేదో చూస్తూ ఊదాలి. ఆపైన రొమ్ము ఎముక మధ్యన 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం, మళ్ళీ 30, మళ్ళీ 2. వేగం నిమిషానికి 100కి తగ్గకూడదు, 120కి మించకూడదు. లోతు ఛాతీ మందంలో మూడో వంతు. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. పిల్లాడు లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి పంపాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నీళ్ళు కొన్ని గంటల తరవాత ఆయాసం తెప్పించవచ్చు.

ఇక కాలువ. ఇది మన డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. అప్పట్నుంచి మనకి కాలువే క్యాలెండరు. ఏప్రిల్‌లో కట్టేస్తారు, సాధారణంగా జూన్ మొదట్లో మళ్ళీ వదులుతారు. కట్టేసిన రోజుల్లో పూడిక తీస్తారు, లాకులూ రేవులూ బాగుచేస్తారు. అంటే పోయిన ఏడు నడుముల్లోతు ఉన్నచోట ఈ ఏడు మనిషి లోతు ఉండొచ్చు. మిషన్ తవ్విన గుంట నీళ్ళ కింద కనబడదు. మొదటి నీరు గుర్రపుడెక్కనీ, సీసా పెంకుల్నీ, ముళ్ళకంపల్నీ తోసుకుంటూ వస్తుంది. సరిగ్గా అప్పుడే మన శిబిరం అయిపోతుంది. పిల్లాడికి కొత్తగా నేర్చిన ఈత ఉంది, ఎండిన కాలువలోకి నీళ్ళొచ్చిన సంబరం ఉంది, బడి తెరవడానికి జూన్ 12 దాకా గడువుంది. మీరు లేరు.

అందుకని ఆఖరి రోజు తల్లిదండ్రులు వచ్చినప్పుడు, 'మీవాడికి ఈత వచ్చేసిందండీ' అనొద్దు. 'నిలవ నీళ్ళలో 20 గజాలు ఈదుతాడండీ, పారే నీళ్ళలో ఇంకా దిగలేదు, పెద్దవాళ్ళు లేకుండా కాలువకి పంపకండి' అనండి. అమ్మానాన్నలు ఎంత మురిసిపోతున్నా సరే ఆ మాట అనాల్సిందే. రొయ్యల చెరువుల సంగతి కూడా చెప్పండి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి వెళ్ళే కరెంటు తీగలు గట్ల మీదా నీళ్ళలోనూ ఉంటాయి. ఒక్కచోట పైతొడుగు ఊడినా ఆ చెరువులో చెయ్యి పెట్టకూడదు.

రోహిణి కార్తె ఎండ గురించి ఒక్క ముక్క. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కాస్త కాస్త కలిపితే ఉప్పు ఎక్కువై వాంతి అవుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకి సమంగా గీసి వెయ్యండి. ఏది కలిపినా 24 గంటల్లో పారబోయాలి. పిల్లాడు తికమకగా మాట్లాడుతున్నాడంటే, ఒళ్ళు కాలిపోతోందంటే అది ఓఆర్ఎస్‌తో పోయేది కాదు. నీడకి మోసుకెళ్ళి, ఒంటినిండా నీళ్ళు పోసి, విసురుతూనే 108 పిలవండి.

వంటశాల వాళ్ళు బియ్యం లెక్క అడిగారు. బళ్ళలో మధ్యాహ్న భోజనానికి అయిదో తరగతి దాకా మనిషికి 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం. మనమూ అదే పట్టుకున్నాం. ఆఖరి రెండు రోజులూ పొద్దున్న హాజరు చూశాకే పొయ్యి మీద ఎసరు పెట్టండి. పెళ్ళిళ్ళనీ, మేనమామ ఊరనీ పిల్లలు తగ్గిపోతారు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మీ గదిలో కుక్కర్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

సరే, ఇప్పుడు మీ సంగతికి వద్దాం.

నెల రోజులుగా రోజుకి రెండేసి పూటలు తడిబట్టతో ఉన్నారు. తొడల సందున, నడుము చుట్టూ గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంచున పొలుసులు, రాత్రిపూట దురద ఉంటే అది తామర. సిగ్గుపడి మందుల షాపులో 'దురదకి ఏదైనా ఇవ్వండి' అంటారు. వాళ్ళిచ్చే చాలా ట్యూబుల్లో తామర మందుతోపాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద బెటామెథాసోన్ అని గాని క్లోబెటాసాల్ అని గాని ఉంటే తిరిగిచ్చెయ్యండి. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది, లోపల బూజు మాత్రం పాకుతూనే ఉంటుంది. మందు ఆపిన వారానికి రెట్టింపు మచ్చతో తిరిగొస్తుంది. అప్పటికి మీరు హాస్టల్లో నలుగురున్న గదిలో ఉంటారు, తువ్వాలు ఎవరిది ఎవరు వాడారో తెలీదు. ఇక్కడుండగానే చర్మం డాక్టరుకి చూపించుకోండి. మచ్చ పోయినట్టు కనబడ్డాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులూ రాయాలి. లోబట్టలు నీడన కాకుండా ఎండలో, తిరగేసి ఆరేయండి.

నిద్ర రెండోది. ఇక్కడ అయిదింటికి గంట కొడతారు, లేస్తున్నారు. ఇంటికెళ్ళిన మొదటి మూడు రోజులు పన్నెండింటిదాకా పడుకుంటారు. అమ్మ కూడా లేపదు, 'పాపం అలిసిపోయాడు' అంటుంది. నాలుగో రోజు రాత్రి రెండైనా కన్ను మూతపడదు. ఆ స్థితిలో పట్నం వెళ్తే పొద్దున్న తొమ్మిదింటి క్లాసు మొదటి వారమే పోతుంది. చెయ్యాల్సిందల్లా లేచే వేళ కదలకుండా చూసుకోవడం. ఆరున్నరకి లేచి వీధిలోకి వచ్చి ఎండ మొహాన పడనివ్వండి. మధ్యాహ్నం అరగంట పడుకోండి, ఎవరూ కాదనరు.

టికెట్లు ఎంతమంది తీశారు? చేతులెత్తండి. ...ఏడుగురు. మిగతావాళ్ళ పరిస్థితి ఇదీ. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, 2024 నవంబరు నుంచి. జూన్ 10 ప్రయాణానికి ఏప్రిల్ 11నే తీయాలి. అది అయిపోయింది. తత్కాల్ ఒక రోజు ముందు, ఏసీకి పొద్దున్న 10 గంటలకి, స్లీపర్‌కి 11కి. ఆన్‌లైన్లో తత్కాల్ కావాలంటే 2025 జూలై నుంచి ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. అది ఇవాళే చేసుకోండి. పదకొండుకి అయిదు నిమిషాల ముందు మొదలుపెడితే ఓటీపీ వచ్చేలోపు బండి నిండిపోతుంది. ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్ చార్టు వేసేసరికి ఖాయం కాకపోతే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. దాన్ని పట్టుకుని స్లీపర్ ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క.

మన అమలాపురానికి రైలు లేదన్నది కొత్త విషయం కాదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలు గౌతమి గట్టు దగ్గరే ఆగి ఉన్నాయి. కాబట్టి ముమ్మిడివరం, అమలాపురం వైపువాళ్ళకి రాజమండ్రి, రాజోలు వైపువాళ్ళకి చించినాడ వంతెన దాటి పాలకొల్లో నరసాపురమో. రాజమండ్రికి బస్సులో రెండు గంటలనుకుంటే మూడు గంటల ముందు బయల్దేరండి. రావులపాలెం దగ్గర ఏ పూట ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. హైదరాబాదులో ఏ స్టేషన్‌లో దిగుతారో టికెట్ మీద చూసుకోండి. సికింద్రాబాదు స్టేషన్ కొత్తగా కడుతుండటంతో కొన్ని బళ్ళని చర్లపల్లి వైపు మళ్ళించారు. చర్లపల్లి దగ్గర మెట్రో లేదు, తెల్లారగట్ల ఆటో బేరం మీ తలకే. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఎల్బీనగర్‌లో దిగడం సుఖం. అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ ఒకే మెట్రో లైను. మెట్రో మొదలయ్యేది ఆరింటి ప్రాంతంలో, బస్సు నాలుగున్నరకే దింపితే వెలుతురున్న చోటే ఆగండి.

ఆడపిల్లలు ఇది వినండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ఛార్జీ లేదు. తెలంగాణలో అలాంటి పథకమే 2023 డిసెంబరు నుంచి ఉంది గాని, అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. మన ఆధార్ అక్కడ చూపిస్తే కండక్టర్ డబ్బులడుగుతాడు, తప్పు ఆయనది కాదు. అక్కడి ఉచిత ప్రయాణం కోసం ఆధార్‌లో చిరునామా మార్చేస్తే ఇక్కడిది పోతుంది. దానికన్నా స్టూడెంట్ పాస్ గురించి కాలేజీలో కనుక్కోవడం మేలు.

సామాను. ఆవకాయ లేకుండా ఎవరూ వెళ్ళరని తెలుసు. (నవ్వులు) మే నెలాఖరున కలిపిన ఆవకాయని మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసుకుని, నూనె పైకి తేలాకే సీసాకెత్తాలి. ఊరుతున్న ఆవకాయని అంచుదాకా నింపి మూత బిగిస్తే, బస్సు కుదుపులకి నూనె కక్కి సర్టిఫికెట్ల ఫైలు దాకా పాకుతుంది. రెండు వేళ్ళ ఖాళీ వదిలి, మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, సీసాని స్టీలు క్యారియర్ గిన్నెలో నిలబెట్టండి. సర్టిఫికెట్లు వేరే సంచీలో, అది ఒళ్ళో.

గది వెతికేటప్పుడు పగలు పదకొండింటికి చూడకండి. అప్పుడు ఏ హాస్టలైనా బాగుంటుంది, అందరూ బయటుంటారు, కుళాయి ధారగా వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి. అన్నం ఎలా ఉందో, బాత్రూం ముందు ఎంతమంది ఉన్నారో, ఫోను సిగ్నల్ మంచం దగ్గర ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. అడ్వాన్సు ఎంత, వెళ్ళేటప్పుడు అందులో ఎంత కోసుకుంటారు, ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఈ మూడూ రసీదు మీద రాయించుకోండి. రాయనంటే, వాట్సాప్‌లో మీరే రాసి పంపి 'సరే' అనిపించుకోండి. ఫొటోలు చూసి అడ్వాన్సు పంపడం మాత్రం వద్దు. డబ్బు మీకు రావడానికి పిన్ కొట్టమన్నారంటే అది మోసం, రావడానికి పిన్ అక్కర్లేదు. పోయిందని తెలిసిన గంటలోపే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు.

గదిలో కరెంటు. గోడలో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టులతో హెచ్చవేస్తే 1380 వాట్లు, అదే దాని గరిష్ఠం. నీళ్ళు కాచే రాడ్డు చాలావరకు 1500 వాట్లు. పెడితే వెంటనే ఏమీ కాదు, అందుకే అందరూ పెడతారు. నెల తిరిగేసరికి ప్లగ్గు కాళ్ళ దగ్గర నల్లబడుతుంది, తరవాత కాలిన వాసన. అదే సాకెట్‌కి లీటరు రైస్ కుక్కర్ ఫరవాలేదు, అది 400 వాట్ల చిల్లరే. రాడ్డు వాడాల్సొస్తే పెద్ద సాకెట్, ప్లాస్టిక్ బకెట్, స్విచ్ ఆపి ప్లగ్గు తీశాకే నీళ్ళలో చెయ్యి.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు... 'కుక్కర్‌లో అన్నం ముద్దయిపోతోందండీ' అంటున్నారు. మీరు తీసుకెళ్ళేది ఏ బియ్యం? దాళ్వా (రబీ) పంట కొత్త బియ్యమైతే ముద్దే అవుతుంది. పాత బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు, కొత్తవాటికి గ్లాసున్నర, మహా అయితే గ్లాసున్నర మీద పావు. ఇంట్లో బియ్యం కట్టేటప్పుడే ఏ పంటవో అడిగి సంచీ మీద రాసుకోండి. ఇందాకటి 150 గ్రాముల లెక్క మీకు పూటకి సరిపోతుంది. అందులో గుప్పెడు పెసరపప్పు వేసి కలిపి వండితే కూర లేని రోజు గడుస్తుంది. వట్టి అన్నం, ఆవకాయతో నెలలు లాగించొద్దు, గుడ్డు ఒకటి అదే కుక్కర్ పైతట్టలో ఉడుకుతుంది.

ఒంటికి ఇంకో తేడా. ఇక్కడ మనం సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్నాం, గాలినిండా చెమ్మే. హైదరాబాదు 500 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. అక్కడ చెమట పట్టినట్టు తెలీదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. దాహం వెయ్యడం లేదని నీళ్ళు మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి. సీసా దగ్గర పెట్టుకుని తాగండి. అన్నట్టు, ఆ ఊళ్ళో కొన్ని కుళాయిల్లో వచ్చేది గోదారి నీళ్ళే, ఎల్లంపల్లి నుంచి తోడుకుంటారు. మన దాకా రాకముందే పట్టుకుంటున్నారన్నమాట. (నవ్వులు)

చివరిగా సంక్రాంతి. ఇప్పుడే ఎందుకంటారా? జనవరి 12 రాత్రి బండికి రిజర్వేషన్ నవంబరు 13 పొద్దున్న 8 గంటలకి తెరుచుకుంటుంది. అప్పటికి మీకు సెమిస్టర్ పరీక్షల గొడవ ఉంటుంది, ఆ తేదీ గుర్తుండదు. ఫోన్లు తీసి ఇప్పుడే నవంబరు 12 రాత్రికి అలారం పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి కూడా లెక్క అదే, వెనక్కి 60 రోజులు. అందరూ పెట్టుకున్నారా?

మంచిది. అదిగో ఈల వేస్తున్నారు, పిల్లలు చెరువుకి బయల్దేరారు. ఇవాళ గట్టు మీద ఎవరు? ...మీరా అమ్మా? ఆ ఫోను ఇటివ్వండి. ఆ డబ్బా మూత ఓసారి చూడండి.